అప్పగించి పోయిన పెట్ట

మొన్న వనపర్తి బస్టాండు దగ్గర రంగులు పూసిన కోడిపిల్లలను తట్టలో పెట్టుకుని అమ్ముతుంటే మా మనవరాలు మారాం చేసి ఒకదాన్ని కొనిపించుకుంది. గులాబీరంగు పిల్ల. ఇంటికి తెచ్చి, అట్టపెట్టెలో పెట్టి, నూకలు చల్లి, కాసేపు దాని కిచకిచలు విని, నా దగ్గరికి వచ్చి కోడి ఎన్నేళ్లు బతుకుతుందని అడిగింది. ఫారం కోడి ఎన్నాళ్లకు కోతకు వస్తుందో పక్కనే ఉన్న కొడుక్కూ కోడలికీ తెలుసుగాని, కోయకుండా వదిలేస్తే ఎన్నాళ్లుంటుందో తెలియదు. ఎవరు వదిలేస్తారు గనక? నాకు మాత్రం తెలుసు. ఒక పెట్ట ముసలిదై, చూపు మందగించి, తనంతట తాను కన్ను మూసేదాకా సాకినదాన్ని నేను. పిల్లకు ఏదో జవాబు చెప్పి పంపించాను గాని, ఆ పూటంతా మనసు ఆ పెట్ట చుట్టూనే తిరిగింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల సంగతి. నేనప్పుడు కొల్లాపురం నుంచి సోమశిల పోయే దారిలో ఒక చిన్న ఊళ్లో నర్సును. ఆరోగ్య కేంద్రాన్ని ఆనుకునే నాకు క్వార్టరు ఇచ్చారు. రెండు గదులు, వెనక ఇంటికి మించిన పెరడు, చుట్టూ రాతిగోడ, ఒక వేపచెట్టు, ఒక బావి. మా వారిది గద్వాల, మగ్గం మీద చీరలు నేసే ఇల్లు. మగ్గం వదిలి ఆయన రాలేరు, ఉద్యోగం వదిలి నేను పోలేను, పిల్లలు చదువుల కోసం ఆయన దగ్గరే ఉన్నారు. వారానికో రెండు వారాలకో ఆయన బస్సెక్కి వచ్చేవారు. మిగతా రోజుల్లో నాకు తోడు మా కేంద్రంలో ఊడ్చి తుడిచే ఆయమ్మే. ఆ ఊరి మనిషే, నాకంటే పెద్దది. నోరు కాస్త దురుసు, చెయ్యి మాత్రం మెత్తన.

పాలమూరు మనుషులకు వలస సంగతి నేను కొత్తగా చెప్పేదేముంది. ఆముదాలో కందులో వేసుకున్న చేను ఎండిపోతే, దసరా పోయిన తర్వాత పూనాకో బొంబాయికో కట్టడం పనులకు పోయే లారీ ఊరి బయట ఆగేది. మేస్త్రీ పేర్లు పిలిచేవాడు. గిన్నెలు, బొంతలు, చంటిపిల్లలు అన్నీ ఎక్కేవి. మేకలను అమ్ముకునేవారు, బర్రెను చుట్టాలింట్లో కట్టేసేవారు. కోళ్ల దగ్గరే చిక్కు వచ్చేది. లారీలో చోటుండదు, కోసుకుని తిందామంటే గుడ్లు పెట్టే పెట్ట మీద ఎవరికి మనసొప్పుతుంది?

ఊరి చివరి ఇంటి చిన్నకోడలు ఆ ఏడే నా చేతుల మీద ఆడపిల్లను కన్నది. పుట్టింటికి తీసుకుపోయేలోగానే నొప్పులు వచ్చేశాయి. కబురు అంది రాజోలి వైపు నుంచి వాళ్లమ్మ పరుగున వచ్చినప్పుడు, ఆమె చంకలో ఒక ఎర్రటి పడుచుపెట్ట ఉంది. బాలింతకు గుడ్లకని తెచ్చింది. తర్వాత లారీ వచ్చిన నాటి పొద్దున ఆ చిన్నకోడలు చంటిపిల్లను ఒక చేత్తో, పెట్టను ఒక చేత్తో పట్టుకుని మా గేటు దగ్గర నిలబడింది. తోటికోడలితో వేరుపడ్డాక మాటలు లేవు, అందుకని నా దగ్గరికి వచ్చింది.

"మా పెట్టను జర సూస్తుండుండ్రి సిస్టరమ్మా. ఉగాదికల్ల వస్తం. గుడ్లు మీరే తినుండ్రి," అన్నది.

నాకు కోళ్లు సాకడం తెలియదు. ఆ మాట చెప్పేలోపే ఆయమ్మ పెట్టను అందుకుని గంప కింద మూసేసింది.

ఒకరి కోడిని తీసుకున్నాక రెండో ఇంటికి కాదనలేం గదా. మరుసటి ఏడు లారీ వచ్చేనాటికి నా పెరడు కోళ్లతో నిండిపోయింది. ఏది ఎవరిదో నాకు గుర్తుండేది కాదు. మా వారు ఒకసారి మగ్గం మీద మిగిలిన పట్టుపోగులు మూటకట్టి తెచ్చి, ఇంటికో రంగు చొప్పున కోళ్ల కాళ్లకు కట్టారు. చిలకపచ్చ ఒకరిది, పసుపు ఇంకొకరిది. ఎర్రపెట్టకు కుంకుమరంగు. ఉగాదికి మనుషులు తిరిగివచ్చి పోగు రంగు చెప్పి ఎవరి కోడిని వాళ్లు పట్టుకుపోయేవారు. మధ్యలో పొదిగిన పిల్లలుంటే అవీ వాళ్లవే. గుడ్లు మాత్రం నావి. వాటిలో చాలాభాగం కేంద్రానికి వచ్చే గర్భిణీలకే పోయేవి.

అప్పగించిన కోడిని కోయకూడదన్నది నాకు నేను పెట్టుకున్న నియమం. మా బావగారు ఒకసారి గద్వాల నుంచి వచ్చి, ఇన్ని కోళ్లున్న ఇంట్లో గుడ్డుకూర తిని పోవలసి వచ్చిందని చుట్టాలందరికీ చెప్పుకున్నారు. ఆ మాటతో ఆయన ఉన్నన్నాళ్లూ నన్ను ఏడిపిస్తూనే ఉండేవారు.

అందరూ వచ్చేవారు గాని, చిన్నకోడలు వాళ్లు చెప్పిన ఉగాదికి రాలేదు. ఆ మరుసటి ఉగాదికీ రాలేదు. మేస్త్రీ వాళ్లను పూనా నుంచి ఇంకో చోటికి, అక్కడి నుంచి మరో చోటికి మార్చాడని తిరిగివచ్చిన వాళ్లు చెప్పేవారు. ఈలోగా రాజోలి దగ్గర వాళ్లమ్మ పోయిందని తెలిసింది. చిన్నకోడలు వచ్చిందా అని అడిగితే, కబురు అందేసరికి అన్నీ అయిపోయాయన్నారు. ఆ మాట విన్న సాయంత్రం ఎర్రపెట్టకు నూకలు వేస్తూ, దీన్ని తెచ్చినామె ఇప్పుడు లేదు గదా అనుకున్నాను.

ఏళ్లు గడిచాయి. వానలు కాస్త కుదురుకుని, పోయేవాళ్లు తగ్గి, నా పెరట్లో చివరికి ఆ ఒక్క పెట్టే మిగిలింది. కోడి ముసలిదవడం మనలో ఎంతమంది చూసి ఉంటారు? ముందు గుడ్డు చిన్నదవుతుంది, తర్వాత రోజు మార్చి రోజు, తర్వాత ఎప్పుడో ఒకటి, ఆ తర్వాత అదీ ఉండదు. నెత్తి మీది ఎర్రని జుట్టు వెలిసిపోయింది. కాళ్ల మీది పొలుసులు చెట్టుబెరడులా లేచాయి. కాలు లావై పోగు బిగుసుకుంటుంటే విప్పి వదులుగా కట్టేదాన్ని. కొబ్బరినూనెలో పసుపు కలిపి కాళ్లకు రాస్తుంటే కళ్లు మూసుకుని ఒళ్లో కూర్చునేది. ఒకప్పుడు ఎగిరి వేపకొమ్మ ఎక్కిన పెట్ట, తన గూటి గడప కూడా ఎక్కలేక కింద నిలబడి చూస్తుంటే, ఆయమ్మ ఎక్కడినుంచో ఒక బండపలక తెచ్చి మెట్టులాగా వేసింది. వేస్తూనే సణిగింది.

"గుడ్డు పెట్టది, కూరకు ఉడకది. దేనికి సాకుతున్నరు దీన్ని?"

"మనది కాదు గదమ్మా," అన్నాను.

"వాళ్లు మర్సేపోయిన్రు. మీకే పట్టింది," అన్నది గాని, ఆ రోజు నుంచి జొన్నలు వేయడం మానేసి, పెట్టకు మింగుడు పడటం లేదని ఇంటి నుంచి మెత్తటి సంకటి ముద్ద తెచ్చి పెట్టేది.

ఆ ఎండాకాలం చిన్నకోడలి బావగారి కూతురికి పెళ్లి కుదిరింది. విడిపోయిన అన్నదమ్ములు మాట కలుపుకున్నారు, మళ్లీ పూనాకే చేరిన తమ్ముడికి కబురు పోయింది. వాళ్లు వస్తున్నారని విన్నప్పుడు సంతోషించవలసింది పోయి నాకు భయం వేసింది. పెళ్లిల్లు, వచ్చేపోయే చుట్టాలు. ముసలిదో పడుచుదో, కోడి కోడే గదా అనుకుంటారు. ఇవ్వనని అనడానికి నాకేం హక్కు?

చిన్నకోడలు వచ్చింది. నల్లబడి, చిక్కిపోయి, చేతులు సిమెంటుకు పగిలి ఉన్నాయి. వెంట నా చేతుల మీద పుట్టిన పిల్ల, తల్లి కొంగు పట్టుకుని. బాగోగులు అడిగి కూర్చుంది గాని పెట్ట ఊసెత్తలేదు. అదెప్పుడో పోయి ఉంటుందని, అడిగితే నేను నొచ్చుకుంటానని ఊరుకుందట. నేనే లేచి పెరట్లోకి తీసుకుపోయాను. వేపనీడలో ఎండ పడే మేర చూసుకుని పెట్ట పడుకుని ఉంది. ఆమె గుర్తుపట్టలేదు. వంగి, కాలి పోగు చూసి, నావైపు చూసింది.

"ఇంక బతికే ఉన్నదా ఇది?"

"నీదే. తీసుకుపో," అన్నాను.

ఆమె అక్కడే మట్టిలో కూలబడి పెట్టను ఒళ్లోకి తీసుకుంది. "మా అమ్మ సంకల పెట్టుకోని వచ్చింది సిస్టరమ్మా దీన్ని," అన్నది. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చింది. ఆయమ్మ నన్ను చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చేసింది.

పెట్టను తీసుకుపోయింది. పెళ్లింట్లో దాని జోలికి ఎవరినీ రానివ్వలేదట. కాని ఆ పెట్టకు తన ఇల్లేదో వేరే లెక్క ఉంది. పొద్దు వాలగానే, కనిపించీ కనిపించని కళ్లతో, గోడల వెంట రాసుకుంటూ నడిచి మా గేటు దగ్గరికి వచ్చేసేది. వెనకే ఆమె వెతుక్కుంటూ వచ్చేది. రెండు రోజులు ఎత్తుకుపోయి, మూడో రోజు నవ్వి ఊరుకుంది. అప్పటి నుంచి పెట్ట ఇక్కడే, సాయంత్రాలు ఆమే ఇక్కడికి. పెట్టకు నీళ్లు తాగించి, గోడకు చేరగిలబడి, పూనాలో అంతస్తుల మీద ఇటుకలు మోసిన సంగతులు, రేకుల గుడిసెలో పిల్లకు జ్వరం వచ్చిన సంగతులు చెప్పేది. వాళ్లమ్మ మాట మాత్రం ఎత్తేది కాదు.

పెళ్లయింది. తిరిగిపోయే రోజు దగ్గరపడింది. పెట్ట సంకటి కూడా ముట్టడం మానేసింది. ఆమె భర్తను ముందుగా పంపి, పిల్లతో తాను ఆగిపోయింది. పని పోతుందని అతను విసుక్కున్నా వినలేదు. నాకు తెలిసిన మందేదీ దానికి పనికిరాదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. దూదిని తడిపి ముక్కు దగ్గర పెడితే రెండు చుక్కలు మింగేది. ఒక పొద్దున, నేను కేంద్రంలో పిల్లలకు టీకాలు వేస్తుంటే ఆయమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. పని ముగించుకుని పెరట్లోకి పోయాను. చిన్నకోడలి ఒళ్లోనే పోయింది పెట్ట. రెక్కలు సర్ది, తల ఒక పక్కకు వాల్చి, నిద్రపోయినట్టే ఉంది.

చచ్చిన కోడిని ఊరవతల పారేయడమే అక్కడి వాడుక. ఆమె మాత్రం గడ్డపార అడిగి తీసుకుని వేపచెట్టు పక్కన తానే తవ్వింది. నా పాత చీరముక్క ఒకటి ఇచ్చాను. అందులో చుట్టి, దించి, పిల్ల చేత ఒక పిడికెడు మన్ను వేయించి, తర్వాత తాను రెండు చేతులా మన్ను తోసింది. పైన నీళ్లు చిలకరించి, కాళ్లు చేతులు కడుక్కుని, బావి దగ్గర కూర్చుని తల్లి గురించి మొదటిసారి నోరు విప్పింది. వాళ్లమ్మ ఏ కూర బాగా వండేదో, ఎవరితో ఎట్లా పోట్లాడేదో, అన్నీ చెప్పింది. మధ్యలో నవ్వింది కూడా. మరునాడు పిల్లను తీసుకుని బస్సెక్కింది.

బస్సు పోయాక ఆయమ్మ గేటు వేస్తూ అన్నది, "తల్లికి మన్ను ఏయలేకపాయె. పాపం, పెట్టకైన ఏసింది."

ఆ తర్వాత ఏడాదికే నాకు నాగర్‌కర్నూలు దవాఖానకు బదిలీ అయింది. అక్కడ పెరడు లేదు. ఆయమ్మ ఇప్పుడు లేదు. చిన్నకోడలు వాళ్లు ఊరికి తిరిగివచ్చి, బోరు వేసుకుని, వేరుశనగ పండిస్తున్నారని విన్నాను. ఆ దారిన ఇప్పుడు కాలువ నీళ్లు పారుతున్నాయి, వరి కనిపిస్తోంది. లారీల కోసం ఎదురుచూసిన ఆ రోజులు మళ్లీ రావాలని నేనెందుకు కోరుకుంటాను? కాని మన ఈడువాళ్లకు నా మనసు అర్థమవుతుంది. అప్పట్లో ఊరు విడిచి పోయే మనిషి ప్రాణమున్నదేదో ఒకటి ఇంకొకరి చేతిలో పెట్టి పోయేది. తీసుకున్నవాళ్లకు అది బరువే, అయినా ఆ బరువుతోనే రెండిళ్ల మధ్య దారి గడ్డి మొలవకుండా ఉండేది. ఈ వనపర్తి ఇంట్లో మా పైవాటా వాళ్లు మంచివాళ్లే. పోయిన నెల వాళ్లు ఊరికి పోయారన్న సంగతి, గేటుకు వేలాడుతున్న పాలపాకెట్లు చూసేదాకా నాకు తెలియలేదు. ఎవరూ చెప్పిపోలేదు, ఎవరూ అప్పగించలేదు. అయినా పాలు విరిగిపోతాయని లోపలికి తెచ్చి, కాచి, తోడుపెట్టి, వాళ్లొచ్చేదాకా చూస్తూ కూర్చున్నాను.