క్లిప్పు పెట్టిన కథ

మా బడిలో తెలుగు మీడియం మూసేస్తారన్న మాట నేను ఏటా వింటున్నదే. వేసవి సెలవుల ముందు ఎవరో ఒకరు ఆ మాట అంటారు, బడి తెరిచేసరికి అందరూ మరిచిపోతారు. ఈసారి హెడ్‌మిస్ట్రెస్ నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరకు వేసింది. ఆవిడ తలుపు వేసిందంటే సంగతి పెద్దదే.

"ఏమ్మా, కరస్పాండెంట్ సార్ గట్టిగా చెప్పేసినారు. జూన్ నుంచి అంతా ఇంగ్లీష్ మీడియమే. ఒకటో క్లాసుకి ఇంగ్లీష్ చెప్పేదానికి ఒక టీచర్ కావాలంట. నీ పేరు నేనే చెప్పినా. ఆయన ముందర ఇంటర్వ్యూకి రావాల. గ్రామర్ బాగా చూసుకో."

కరస్పాండెంట్ అంటే విలేఖరి కాదు. మద్రాసులో బడి నడిపే పెద్దాయన్ని అలా అంటారు. నేను మేనేజ్‌మెంట్ టీచర్ని. సర్కారు జీతం కాదు, ఈ బడి కాకపోతే ఇంకో బడికి మార్చేవాళ్ళు లేరు. తెలుగు పోతే నేనూ పోయినట్టే. చింతాద్రిపేటలో కూవం నది మురుగు వాసన కొట్టే ఆ ఒక్క క్లాసు గదిలోనే నన్ను టీచర్ అని పిలుస్తారు. తొండియార్‌పేటలో మా వీధిలో నేను హార్బరులో పనిచేసే ఒకాయన పెళ్ళాన్ని, ప్లస్ టూ చదివే ఒక పిల్ల తల్లిని, అంతే. ఆ పిలుపు కూడా పోతే నేనెవర్నో నాకే తెలియదు.

ఇంటికి వచ్చి మా అమ్మాయికి చెప్పాను. అది చిన్నప్పట్నుంచీ ఇంగ్లీష్ మీడియమే. స్నేహితురాళ్ళతో అరవం, నాతో సగం తెలుగు, ఫోనుతో ఇంగ్లీషు. అటక మీంచి తన పాత గ్రామర్ పుస్తకం దించి దుమ్ము దులిపింది. ముందు మూడు పేజీల చిన్న కథ, తర్వాత పుస్తకమంతా ఆ కథలోని వాక్యాలతోనే అభ్యాసాలు. ఒక్కో వాక్యాన్నీ తిరగేసి, బోర్లించి, విరిచి, అతికించి రాయమంటారు.

నేను మొదటి పేజీ తీస్తే చేతిలోంచి లాక్కుంది.

"కథ వద్దుమా. ఎవరూ కథ అడగరు. గ్రామర్ గదా అడిగేది? ఈడ నుంచి మొదలుపెట్టు."

పుస్తకం తెరిచినప్పుడల్లా ఆ కథ అడ్డం వస్తోందని, దండెం మీది బట్టల క్లిప్పు ఒకటి తీసి ఆ పేజీలన్నీ కలిపి బిగించేసింది. నేనూ సరేనన్నాను. అనకేం చేస్తాను? చదువంటే నాకు తెలిసిందీ అదే. ఏది అడుగుతారో అదే చదవాలి, అడగనిది చదివేవాడు తిక్కలోడు. పాఠం చెప్పేటప్పుడు మేం చేసేది కూడా ఇదే కదా. ఈడ నుంచి ఈడ దాకా మొదటి ప్రశ్నకి జవాబు, ఆడ నుంచి ఆడ దాకా రెండోదానికి అని పెన్సిలుతో గీతలు పెట్టిస్తాం. మధ్యలో మిగిలిన పాఠం ఎవరికీ పట్టదు.

వంటింట్లో నేను కూర తరుగుతూ ఉంటే అది గడపలో కూర్చుని వాక్యం విసిరేది.

"ది వాచ్‌మన్ ఓపెన్డ్ ది గేట్."

"ది గేట్ ఓపెన్డ్ బై ది వాచ్‌మన్."

"ఎన్నమా! 'వాజ్' ఏడ పోయింది? మింగేసినావా?"

"మింగలేదే, పులుసులో వేశాను. రాత్రికి నువ్వే తిందువు."

అదే నేను నేర్చుకున్న మొదటి వాక్యం. వాచ్‌మన్ గేటు తీశాడు అని తిన్నగా అంటే ఏం పోయింది? గేటు వాచ్‌మన్ చేత తీయబడింది అని అనాలట. తెలుగులో ఎవరైనా నా ముందు అలా మాట్లాడితే చెంప పగలగొడతాను. ఇంగ్లీషులో అదే పాండిత్యం! అయినా నేర్చుకున్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని గొణుక్కుంటూ పోయేదాన్ని. ఒకరోజు పక్కనున్న పెద్దావిడ, ఏ అమ్మవారి స్తోత్రమమ్మా చదువుతున్నావు అని అరవంలో అడిగింది. గేటు స్తోత్రమని ఎలా చెప్పను? ఊరికే తల ఊపాను. ఆవిడ భక్తిగా కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. నవ్వాపుకోలేక చచ్చాను.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది ఇంకో వాక్యం. ఆ వాచ్‌మన్ బంగళా యజమానిని "నేనిప్పుడు ఏం చెయ్యాలి సార్?" అని అడుగుతాడు. దాన్ని, తానేం చెయ్యాలో యజమానిని అడిగాడు అని మనం చెప్పినట్టుగా మార్చాలి. 'ఐ' పోయి 'హీ' రావాలి, 'నౌ' పోయి 'దెన్' రావాలి, ప్రశ్న గుర్తు ఎగిరిపోవాలి. ఒకటి సరిచేస్తే ఇంకొకటి జారిపోయేది. ఒళ్ళు మండి ఒకసారి పుస్తకం విసిరికొట్టాను. మా ఆయన తీసి బల్ల మీద పెట్టి, "ఎందుకు ఇన్ని అగచాట్లు? ఇంట్లో ఉండు, పోయేదేముంది?" అన్నాడు. ఆ మాటతో పౌరుషం వచ్చి మళ్ళీ తీశాను. చివరికి ఒక సాయంత్రం తడుముకోకుండా గడగడా చెప్పేశాను. మా అమ్మాయి లేచి నన్ను గట్టిగా పట్టుకుంది.

"సూపర్‌మా! ఇంక జాబ్ నీదే!"

నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మాను.

ఇంటర్వ్యూ రోజు మంచి చీర కట్టుకుని, పుస్తకం కూడా చేతిలో పట్టుకుని వెళ్ళాను. ఎంత తయారై వచ్చానో చూడనీ అని నా ఆశ. కరస్పాండెంట్ గారు ఇస్త్రీ చేసిన తెల్ల పంచెలో కూర్చుని ఉన్నారు. పెద్దమనిషి, మన తెలుగాయనే. పక్కన హెడ్‌మిస్ట్రెస్. ఆయన పుస్తకం ఇలా ఇవ్వమని చెయ్యి చాచారు. తిప్పబోతే ముందు పేజీలు తెరుచుకోలేదు. బట్టల క్లిప్పు చూసి ఆయనకి నవ్వొచ్చినట్టుంది గానీ నవ్వలేదు. తీసి బల్ల మీద పెట్టి, కథ పైపైన చూశారు.

గ్రామర్ సంగతి ఉండనివ్వండి మేడమ్, ఈ కథలో ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండి అని ఇంగ్లీషులో అన్నారు.

కథలో ఏం జరిగిందా? నాకేం తెలుసు! నాకు తెలిసింది వాక్యాలు. గేటు వాచ్‌మన్ చేత తీయబడింది అన్నాను. తర్వాత? బంగళా అమ్మబడింది. తర్వాత? తానేం చెయ్యాలో అతను యజమానిని అడిగాడు. ఒక్క తప్పు లేకుండా చెప్పాను. 'దెన్' కూడా మరిచిపోలేదు.

"మరి యజమాని ఏమన్నాడు?"

అది నా అభ్యాసాల్లో లేదు. వెతికాను, తల లోపలంతా వెతికాను. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ దొరకలేదు. చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది.

హెడ్‌మిస్ట్రెస్ పాపం నా కోసం నోరు తెరిచింది. "సార్, ఈమె తెలుగులో కథ చెప్తే పిల్లకాయలు బెల్లు కొట్టినా లేవరు సార్."

"అవును సార్," అన్నాను నేను, మునిగేవాళ్ళు ఏది దొరికితే అది పట్టుకున్నట్టు. "తెలుగులో ఏ కథైనా చెప్తాను సార్."

ఆయన తెలుగులోనే అన్నారు, కోపంగా కాదు, మెల్లగా. "తెలుగులో వినేదానికి పిల్లకాయలు ఏరమ్మా? ఇంగ్లీష్‌లో ఒక్క కథైనా చెప్పలేకపోతే ఒకటో క్లాసుకి నిన్ను ఎట్లా పంపేది?"

ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అదే నాకు ఎక్కువ మంట. అన్యాయం చేసుంటే తిట్టుకుంటూనైనా ఇంటికి వచ్చేదాన్ని.

"అయితే నేనిప్పుడు ఏం చెయ్యాల సార్?" అన్నాను. అనాలని అనలేదు, దానంతటదే ఊడిపడింది.

ఆయన కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. హెడ్‌మిస్ట్రెస్ వైపు చూశారు. ఇంతలో డ్రైవర్ వచ్చి కారు వాకిట్లో ఉందన్నాడు. ఆయన చేతికర్ర అందుకుని లేచారు. తలుపు దగ్గరున్నది నేనే. చప్పున లేచి తలుపు తీసి, ఆయన దాటేదాకా పట్టుకుని నిలబడ్డాను. పెద్దవాళ్ళు వస్తూ పోతూ ఉంటే తలుపు తియ్యడం మా బడిలో అందరికీ అలవాటే.

ఆయన వెళ్ళాక హెడ్‌మిస్ట్రెస్ నా భుజం మీద చెయ్యి వేసింది. "తెలుగు క్లాసు బీరువా తాళంచెవి ఆఫీసులో ఇచ్చేసి పోమ్మా. తొందరేం లేదు, నిదానంగా."

ఇంటికి వచ్చి పుస్తకం మంచం మీద పడేశాను. మా అమ్మాయి నా మొహం వైపు ఒకసారి చూసింది. పుస్తకం తీసి, "క్లిప్పు ఏదిమా?" అంది.

"ఆయన బల్ల మీదే ఉండిపోయింది. యజమాని ఏమన్నాడో చూడు ముందు."

"ఏ యజమాని?"

"ఆ కథలో ముదనష్టపు యజమాని! ఏం చెయ్యాలి సార్ అని వాడడిగితే ఏమన్నాడో చదివి చెప్పవే."

అది గబగబా మూడు పేజీలూ చదివింది. తనూ ఎప్పుడూ చదవలేదట, బడిలో వాళ్ళ మిస్ కూడా చదివించలేదట. నేను దాని మొహమే చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు తెలిసి ఏం లాభం? అయినా తెలియాలి నాకు.

"ఏమీ అనలేదుమా," అంది చివరికి.

"అనకపోతే?"

"బంగళా అమ్మేసినాడు, సామానంతా లారీ ఎక్కించినాడు. ఈ ముసలి వాచ్‌మన్ నేనేం చెయ్యాలి సార్ అని అడిగితే ఆ యజమాని ఏమీ మాట్లాడకుండా కారెక్కినాడు. వాచ్‌మన్ గేటు తీసినాడు. అంతే, కథ అయిపోయింది."

మళ్ళీ చూడమన్నాను. చూసింది. అంతే ఉంది. మొదటిరోజు కూర తరుగుతూ నేర్చుకుని, రోజూ బస్సులో జపం చేసిన నా మొదటి వాక్యమే ఆ కథకి ఆఖరిది.

అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు తన్నుకొచ్చింది. "వాడు అంత చేసి పోతుంటే ఈ వెధవ గేటు ఎందుకు తీశాడే? తియ్యకుండా నిలబడొచ్చు కదా!" అని దాని మీద అరిచాను. అది బిత్తరపోయి పుస్తకం మూసింది.

"నన్నడిగితే ఎట్లామా? వాడి పని అదే గదా."