కిటికీ వెనక గది

జర్మనీలో ఒక పాత ఊరి నడిబొడ్డున లేస్తున్న ఇళ్ళకు నేను రాజమండ్రిలో కూర్చుని కిటికీలు గీస్తాను. ఈ మాట చెబితే మా బంధువుల్లో సగం మంది నవ్వుతారు, మిగతా సగం వీసా ఎప్పుడొస్తుందని అడుగుతారు. వీసా లేదు, గీసా లేదు. దానవాయిపేటలో ఒక మందుల షాపు మీద మేడ, అందులో మా ఆఫీసు, నా కంప్యూటరు, అంతే.

ఆ ఊళ్ళో రాళ్ళు పరిచిన పెద్ద ఖాళీ స్థలం ఒకటి ఉంది. ఆఫీసులో దాన్ని స్క్వేర్ అనే అంటాం. దాని చుట్టూ ఒకదాన్నొకటి ఆనుకుని వ్యాపారుల ఇళ్ళుండేవట. యుద్ధంలో బాంబులు పడి అన్నీ కూలిపోయాయి. తరువాత చాలాకాలం అక్కడ కార్లు నిలుపుకున్నారు. ఇప్పుడు ఆ ఇళ్ళను ఉన్నవి ఉన్నట్టుగా మళ్ళీ కట్టాలని ఊరివాళ్ళు పట్టుబట్టారు. ప్లాన్లు ఎప్పుడో కాలిపోయాయి. మిగిలినవల్లా మసకబారిన ఫోటోలు, పునాదుల్లో దొరికిన కొన్ని చెక్కుడు రాళ్ళు. వాటిని బట్టి ఏ కిటికీ ఎంత ఎత్తుందో, దాని మీద చెక్కిన తీగ ఎటు వంపు తిరిగిందో తేల్చి గీయడం నా ఉద్యోగం.

ఇదంతా మా అక్కకు ఒక్క ముక్కలో అర్థమైంది. "అంటే ఆ ఫోటో నీకు ఆది జాకెట్టన్నమాట," అంది.

అక్క జాకెట్లు కుడుతుంది. బావగారు పోయాక మా ఇంటికి వచ్చేసి వీధి గదిలో మిషన్ పెట్టుకుంది. టేపుతో ఒంటి కొలతలు తీయించుకోవడం ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఇష్టం ఉండదు. ఒంటికి సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి తెచ్చిస్తారు, దాన్ని చూసి కొత్తది కత్తిరించాలి. అదే ఆది.

మాది బంగాళాపెంకుల ఇల్లు. వీధి అరుగు, అరుగు మీదికి కిటికీ, కిటికీ వెనక అక్క. చేపలమ్ముకుని ఇళ్ళకు తిరిగిపోయే ఆడవాళ్ళు ఆమెకు మంచి బేరాలు. మాదేమో కోడిగుడ్డు కూడా ఉడకని ఇల్లు. వాళ్ళను లోపలికి రావద్దని మేం ఎన్నడూ అనలేదు, రమ్మనీ అనలేదు. ఖాళీ గంప అరుగు మీద దించి, చువ్వల్లోంచి గుడ్డా ఆదీ పెట్టిన కవరు అందించేవాళ్ళు. "చంక దగ్గర కాస్త వదులు పెట్టండి అక్కగారూ, కిందటిసారి చెయ్యి లేస్తే ఒట్టు," అని ఒకావిడ అంటే, "చెయ్యి లేవకపోతే మీ ఆయన బతికిపోయాడులే," అని అక్క అనేది. ఇద్దరూ పకపకా నవ్వేవాళ్ళు. ఇంట్లో మిగతా చోట్ల అక్క అలా నవ్వగా నేను చూడలేదు.

రోడ్డు వెడల్పు చేస్తారని ఎన్నాళ్ళుగానో వింటున్నదే. వింటూ వింటూ నమ్మడం మానేశాం. ఒకరోజు పొద్దున కొలతల వాళ్ళు వచ్చి, సందు వైపు గోడ మీద ఎర్రరంగుతో గీత గీసిపోయారు. వీధి గదికీ హాలుకీ మధ్య గోడ ఎక్కడుందో సరిగ్గా అక్కడే పడింది. అరుగూ వీధి గదీ రోడ్డుకి, హాలు నుంచి వెనకంతా మాకు. అక్క బయటికి వచ్చి ఆ గీతను చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళి మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

అదే వారంలో ఆఫీసులో ఇంకో సంగతి జరిగింది. మా పని చూసే జర్మన్ ఆర్కిటెక్టు ఒకావిడ మధ్యాహ్నం వీడియో కాల్‌లో ఒక సవరణ చెప్పింది. నేను కళ్ళు నొప్పెట్టేలా గీసిన ఒక కిటికీ వెనక లిఫ్టు వస్తోందట. కాబట్టి లోపలి వైపు ఏమీ గీయనక్కర్లేదు, అద్దం వెనక గోడ కట్టి నల్లరంగు వేస్తారు. అసలు ఆ వరసలో ఇళ్ళన్నిటి వెనకా కలిపి కడుతున్నది ఒకే హోటలు. మరి ఈ కిటికీ ఎందుకండీ అని అడిగాను. ఆవిడ నొచ్చుకోలేదు. ఆ ఇళ్ళలో బతికినవాళ్ళు ఇక రారనీ, ఊరివాళ్ళు అడుగుతున్నది స్క్వేర్ మునుపటిలా కనబడాలనే గానీ లోపలి ఇళ్ళను కాదనీ చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కూడా ఆవిడనూ హోటలునూ తిడుతూనే ఉన్నాను.

"కిటికీ పెట్టి, వెనక మనిషి నిలబడే చోటు లేకుండా కడతారట. సిగ్గుండాలి!" అన్నాను.

"వాళ్ళ ఊరు, వాళ్ళ ఇష్టం. చారు చల్లారిపోతోంది, తిను," అంది అక్క.

గోడ కొట్టే యంత్రం వచ్చేలోపు మిషన్‌ను వెనక గదిలోకి మార్చాం. పెంకులు నేనే దగ్గరుండి దింపించాను. టేకు కిటికీని చువ్వలతో సహా తాపీమేస్త్రి చేత ఊడదీయించి పక్కన పెట్టించాను. పని మధ్యాహ్నానికల్లా అయిపోయింది. మధ్య గోడ కూడా పోయి హాలు వీధిలోకి వచ్చి నిలబడింది. మేం భోంచేస్తుంటే ఆటోలో వెళ్ళేవాళ్ళు మా కంచాల్లోకి చూశారు.

కొత్త ముందు గోడ నేనే గీస్తానన్నాను. వీధిలో అందరూ ఇనప షట్టర్లు దించుకుంటున్నారు, మన ఇల్లు మాత్రం మన ఇల్లులాగే ఉండాలని నా పంతం. హాల్లో సగానికి అడ్డుగోడ కట్టి, వీధి వైపు ముక్క అక్కకు ఇద్దామని కూడా అన్నాను.

"మరి వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చుంటారండీ? ఉన్నదే ఇంత హాలు," అంది నా భార్య. "వదినగారిని పని మానెయ్యమనట్లేదు కదా. వెనక గదిలో వెలుతురు బాగానే వస్తోంది."

అందులో అబద్ధమేమీ లేదు. నేను బదులు చెప్పేలోపే అక్క అందుకుంది. "అవునురా, నాకు వెనకే హాయిగా ఉంటుంది. నా కోసం ఇల్లంతా ముక్కలు చెయ్యకు."

అంత తొందరగా ఒప్పుకున్నందుకు నాకు అక్క మీదే కోపం వచ్చింది. ఎవరో ఒకరు గట్టిగా పోట్లాడితే బాగుండుననిపించింది. ఎవరూ పోట్లాడలేదు. మేస్త్రి పాత కిటికీని కొత్త గోడలో అదే ఎత్తున నిలబెట్టాడు. దాని కింద సోఫా వేశాం, ఎదురుగా టీవీ పెట్టాం. దారినపోయేవాళ్ళు ఆగి ఇల్లు భలే వచ్చిందన్నారు, కొందరు ఫోటోలు కూడా తీసుకున్నారు. నేను పొంగిపోయాను, కాదనను.

కిటికీని చూసి అక్క బేరాలు కూడా వచ్చాయి. గంప రోడ్డు పక్కన దించి చువ్వ మీద తడితే, అక్క వెనక గదిలోంచి గబగబా వచ్చేది. సోఫా మీదుగా వంగి కవరు అందుకునేది. సోఫాలో నేను కూర్చుని ఉంటే మెడ గురించీ చంక గురించీ ఎవరు మాట్లాడతారు? కవరు ఇచ్చేసి వెళ్ళిపోయేవాళ్ళు. బిగుతో వదులో చెప్పకుండా ఇస్తే కుట్టినవి సరిపోవు, సరిపోకపోతే మళ్ళీ ఇవ్వరు.

"లోపలికి రండి, మిషన్ దగ్గర కూర్చుని చెబుదురుగాని," అని అక్క పిలిచేది.

"ఒళ్ళంతా నీచు వాసనండీ అక్కగారూ. లోపల అయ్యగారు కూడా ఉన్నారు. మళ్ళీ వత్తానులెండి."

మా ఆవిడ కూడా రమ్మంది ఒకసారి, మనస్ఫూర్తిగానే. ఆ మనిషి నవ్వి గంప ఎత్తుకుంది. మళ్ళీ వస్తామన్నవాళ్ళు రావడం తగ్గింది. ఎండలో కాసేపు చువ్వ తట్టి, టీవీ చప్పుడులో ఎవరికీ వినబడక వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమందో నాకు తెలియదు.

పోయిన వారం అక్క నా గదిలోకి వచ్చి నిలబడింది. నేను ఆఫీసు పని ఇంటికి తెచ్చుకుని ఆ హోటలు బొమ్మలే గీస్తున్నాను.

"మేస్త్రికి ఫోన్ చేసి ఆ కిటికీ మూయించెయ్యరా," అంది.

"సోఫా తీసేస్తానక్కా. నేను మా గదిలో కూర్చుంటాను. మిషన్ అక్కడే వేద్దాం."

"ఎన్నాళ్ళు కూర్చుంటావు గదిలో? నీ పెళ్ళాం ఎక్కడ కూర్చుంటుంది? నేను చోటు అడగడానికి రాలేదు. కిటికీ ఉంది కాబట్టి వెనక నేను ఉన్నాననుకుని పాపం ఎండలో వచ్చి నిలబడుతున్నారు. నేను లేనని వాళ్ళకు తెలియాలి కదా."

నేను ఫోన్ చెయ్యలేదు. చేస్తే అక్క మాట నిజమని ఒప్పుకున్నట్టవుతుందని భయం. అక్క కూడా మళ్ళీ అడగలేదు.

ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం ఎవరో చువ్వ మీద తట్టారు. టీవీ ఆపాను. అక్క వంటింట్లో పీట మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. తట్టడం ఆమెకు కూడా వినబడింది, కానీ లేవలేదు. మళ్ళీ తట్టారు. నేనే లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఒక పెద్దావిడ చేతిలో కవరు పట్టుకుని నాకేసి కాకుండా నా భుజం వెనక్కి చూస్తోంది.

"అక్క ఇప్పుడు కుట్టడం లేదండీ," అన్నాను, వంటింట్లోకి వినబడేంత గట్టిగా.