ముత్తురాక్కు నాచు ఆరబోసిన వాకిలి

ముత్తురాక్కుకి ఒకసారి మీ పాదం చూపించండి. గాయం మీద బొటనవేలు ఆనించి, కళ్లు చికిలించి, "ఇది తెల్లరాయి. దీవికి ఇవతల, నడుంలోతు నీళ్లలో గీసుకుంది" అంటుంది. ఇంకో గీత చూసి, "ఇది రాయి కాదు, ఆల్చిప్ప" అంటుంది. పదమూడో ఏట సముద్రంలో నాచు కోతకి దిగిన మనిషి, ఇప్పుడు యాభై నాలుగు. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో దస్తూరీ చూసి ఎవరు రాశారో చెప్పేశానని నాకు కాస్త గర్వం ఉండేది. ఆమె ముందు నేను ఒకటో తరగతి.

అంతటి ముత్తురాక్కు ఒక పిల్ల ఒంటి మీది గాయాల్ని పది నెలలపాటు పోల్చుకోలేకపోయింది. ఎందుకో ఆమెకీ తెలీదు. నన్నడిగితే నాకూ తెలీదు. చెబుతాను, మీకేమైనా తెలుస్తుందేమో చూడండి.

రామేశ్వరం దగ్గర మా పాంబన్‌లో మగవాళ్లు చేపలకి పోతారు, ఆడవాళ్లు కంపెనీలకి అమ్మే నాచుకి పోతారు. అమావాస్య తర్వాత ఆరు రోజులు, పున్నమి తర్వాత ఆరు రోజులు. ముత్తురాక్కు పడవలో ఎనిమిది మంది. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, వేళ్లకి గుడ్డపేలికలు, వాటి మీద రబ్బరు తొడుగులు, కళ్లకి నీటద్దాలు. ఇద్దరిద్దరు జంటగా మునుగుతారు. ఒకతె పైకి రావడం ఆలస్యమైతే రెండోది కిందికి పోవాలి. అందుకని జంటలో ఉన్నవాళ్లు ఇంట్లో ఎంత పోట్లాడుకున్నా నీళ్ల దగ్గర మాట్లాడుకుని తీరాలి.

పడవ కదిలే ముందు ఇంకో పని ఉంది. అందరూ వరసగా నిలబడి చేతులూ కాళ్లూ చూపించాలి. పచ్చిగాయం ఉంటే ఆ రోజుకి ఇంటికే. ఉప్పునీళ్లలో నానితే చీము పడుతుంది. ముత్తురాక్కు చెల్లెలికి అలాగే మోకాలి కింద కాలు తీసేశారు. కాబట్టి ఈ ఒక్క విషయంలో ముత్తురాక్కు దగ్గర ఏడుపులూ మొక్కులూ పనిచెయ్యవు.

అలా ఎక్కువసార్లు వెనక్కి పోయిన పిల్ల నంబీశ్వరి. ఇరవై ఆరేళ్లు, మండపం వైపు నుంచి వచ్చిన కోడలు. మొగుడు సేతుపాండి పెద్ద పడవ మీద కూలికి పోతాడు. పాప యాళినికి ఆరేళ్లు. సేతుపాండికి ముత్తురాక్కు పెద్దమ్మ వరస, కాబట్టి నంబీశ్వరికి అత్త.

"మళ్లీ మోచెయ్యి చెక్కుకున్నావా? రాయి నీకు కనపడదటే?"

"కాలు జారిందత్తా."

"జారకుండా దిగడం నీకెవరూ నేర్పలా? పో, ఇంటికి పో. నాలుగు రోజులు పోయాక రా."

నంబీశ్వరి మారుమాట్లాడేది కాదు. అద్దాలు మెడలో వేసుకుని ఇసకలో వెనక్కి నడిచిపోయేది. నేను పొద్దున్నే గట్టు మీద నడకకి పోతానుగా, ఎదురొచ్చేది. నేను ఊరుకుంటానా, "కొబ్బరినూనె రాయమ్మా, చూసి నడవమ్మా" అని పది నిమిషాలు పాఠం చెప్పేదాన్ని. వినేది. బుద్ధిమంతురాలని మెచ్చుకునేదాన్ని కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మొన్న మాసి నెలలో ఒకరోజు మధ్యాహ్నం ముత్తురాక్కు తడిబట్టలతోనే మా ఇంటికొచ్చింది. ఎప్పుడూ అలా రాదు. శొంఠి కాఫీ ఇచ్చాను. తాగలేదు.

"టీచరమ్మా, ఏ రాయికైనా నాలుగు వేళ్లుంటాయా?"

నేను పొడుపు కథ అనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ రోజు పడవలోకి ఎక్కుతూ నంబీశ్వరి తూలింది. పట్టుకోబోతే చొక్కా భుజం దగ్గర చిరిగింది. జబ్బ మీద వరసగా నాలుగు నల్లమచ్చలు, వెనకవైపు ఒకటి. ముత్తురాక్కు తన వేళ్లు వాటి మీద పెట్టి చూసింది. తనవి చిన్నవి. అవి పెద్ద చేతివి.

"ఏమీ అనలేదా నువ్వు?"

"ఏమనేది? అందరూ చూస్తా ఉండారు. ఆ పిల్ల 'రాయత్తా' అనింది. నేను 'సరే' అన్నా." మళ్లీ తనే అంది. "దెబ్బ ఉందని నేను ఇంటికి పంపిన రోజుల్లో, పనికి పోకుండా వచ్చావేందే అని వాడు ఇంకో రెండు వేసుంటాడు. వేసుంటాడు కదా?"

నేను లేచి ఆమె తాగని కాఫీ పారబోశాను.

ఆ సాయంత్రం కూర్చుని ఆడవాళ్ల పోలీసు స్టేషనుకి ఫిర్యాదు రాశాను. మార్జిన్ గీసి, నాలుగు పేజీలు, ఒక్క కొట్టివేత లేకుండా. నంబీశ్వరిని పిలిచి చదివి వినిపించాను. శ్రద్ధగా వింది.

"చాలా బాగా రాశారు టీచరమ్మా. సంతకం పెట్టను."

"ఎందుకమ్మా?"

"ఆయన్ని తీసుకుపోతే పడవ వాళ్లు వేరే మనిషిని పెట్టుకుంటారు. రెండు రోజుల్లో వదిలేస్తారు. అప్పుడు ఇంటికొస్తాడు. ఇంట్లో ఎవరుంటారు? నేను. అయినా ఇది రాయి టీచరమ్మా."

ఏడవలేదు. నన్ను చూసి జాలిపడినట్టు కూడా అనిపించింది.

రెండు రోజుల తర్వాత జరిగింది మాత్రం నేనూహించలేదు. నాచు ఒడ్డుకి చేరాక ఇసకలోనే ఆరబోస్తారు, మొదట్నుంచీ అంతే. ఆ రోజు ముత్తురాక్కు తడిమూట తలకెత్తుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఒడ్డు దాటి, సందులోకి తిరిగి, నేరుగా సేతుపాండి వాకిట్లోకి పోయి కుమ్మరించింది. వెనకాల ఆరుగురూ ఆరు మూటలు కుమ్మరించారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఎనిమిదో మూట నంబీశ్వరిది. వీధి చివర నిలబడిపోయింది. తన ఇంటికి తను పోవాలో వద్దో తెలీనట్టు.

సేతుపాండి నిద్ర లేచి బయటికొచ్చాడు. పెద్ద పడవ పొద్దున్నే తిరిగొస్తుంది, మధ్యాహ్నం తాగి పడుకోవడం, లేచాక చెయ్యి చేసుకోవడం అతని పద్ధతి.

"ఏంది పెద్దమ్మా ఇది?"

"నాచు."

"అది కనపడతా ఉంది. ఇక్కడెందుకు?"

"మీ వాకిట్లో ఎండ బాగుందిరా."

"ఒడ్డున ఎండ లేదా?"

"ఉంది. అక్కడ కాకులు ఎక్కువ."

లూర్దు అని ఒకతె ఉంది ఆ పడవలో, నోటికి హద్దు లేదు. గుమ్మం పక్కనే చతికిలబడి, "నీకేం అడ్డంరా? నువ్వు లోపల పడుకో. మేం గొంతు తగ్గించి మాట్లాడుకుంటాంలే" అని, ఒడ్డున ఉన్నవాళ్లకి కూడా వినపడేలా తన కోడలి వంట గురించి మొదలుపెట్టింది.

నంబీశ్వరితో కలిపి ఎనిమిది మంది ఆడవాళ్లు పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నారు. నాచు తిరగేశారు. గవ్వలు ఏరారు. గంజి తాగారు. యాళినికి పేలు చూశారు. సేతుపాండి లోపలికి బయటికి నాలుగుసార్లు తిరిగి చొక్కా వేసుకుని బయటికి పోయాడు. ఆరే నాచు వాసన మీకు తెలీదు. ఆ వాసనలో కోపం కూడా నిలవదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నేనూ చేట పట్టుకుని పోయి కూర్చున్నాను. నాచు తిరగెయ్యడం నాకు రాదు, రెండు పోగులు కలిపేశానని తిట్లు కూడా తిన్నాను. సందులోవాళ్లు ముక్కులు మూసుకుని గొణిగారు గాని, ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ ముందే తెలుసా? తెలిస్తే ఇన్నాళ్లూ ఏం చేస్తున్నట్టు? నేను ఆ వీధి పిల్లలందరికీ అక్షరాలు నేర్పినదాన్ని, నాకెందుకు తెలీలేదు?

మేం వాకిట్లో ఉంటే వాడి చెయ్యి లేవడం లేదని సంబరపడ్డాం. తర్వాతి నెల పంగుని వచ్చాక ఒక పొద్దున పడవ దగ్గర నంబీశ్వరి పెదవి వాచి ఉంది. ముత్తురాక్కు చెయ్యి పట్టుకోబోతే విదిలించేసింది.

"మీరు పొద్దు వాలేదాకా ఉంటారత్తా. తర్వాత ఎవరుంటారు? ఊరంతా నవ్వుతా ఉంది, ఆడోళ్లు కాపలా కాస్తా ఉండారని. ఆ నవ్వంతా ఎవరి మీద తీరుస్తాడు?"



"మరి మానెయ్యమంటావా?" అంది ముత్తురాక్కు.

"నేనట్టా అన్లేదు."

"మరి ఏం చెయ్యమంటావే?"

"నాకేం తెలుసు!" అని అరిచింది నంబీశ్వరి. అంత పెద్ద గొంతు ఆ పిల్లకి ఉందని అప్పుడే తెలిసింది.

ఆ రోజు ఆమెని వెనక్కి పంపలేదు ముత్తురాక్కు. నలభై ఏళ్లలో మొదటిసారి పచ్చిగాయంతో ఒక మనిషిని పడవ ఎక్కించింది. నీళ్లలోకి మాత్రం దిగనివ్వలేదు, పడవలో కూర్చోబెట్టి సంచులు అందుకోమంది. అది తప్పో ఒప్పో తేలక, తిరిగొచ్చేదాకా నాలిక్కరుచుకుంటూనే ఉందట.

అప్పటికి మాకు ఇంకో గుబులు. ఆ తర్వాతి చిత్తిరై నెల నడిమికి నలభై ఐదు రోజులు కోత ఆపేస్తాం. నాచు మళ్లీ పెరగాలిగా. కోత లేకపోతే ఆరబోసేది లేదు. ఆరబోసేది లేకపోతే ఆ వాకిట్లో కూర్చోడానికి మాకు సాకు లేదు. చివరి రోజు మధ్యాహ్నం అందరం చేతులు మెల్లగా ఆడించాం. ఎండిపోయిన నాచుని మళ్లీ మళ్లీ తిరగేశాం. లూర్దు అయితే గవ్వ ఒకటి పట్టుకుని అరగంట తుడిచింది.

ఎంతసేపని? గోనెసంచులు కుట్టాల్సి వచ్చింది. కుట్టేశాం. ముత్తురాక్కు ఒక సంచి కొస పట్టుకుని, రెండో కొసకి ఎవరైనా వస్తారని చూస్తోంది. నంబీశ్వరి లోపల్నుంచి వచ్చింది. ఒక చేత్తో యాళిని, రెండో చేత్తో సంచి కొస. సేతుపాండి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికే?"

"సంచి దించి వస్తా."

సంచి ముత్తురాక్కు ఇంట్లో దించింది. తిరిగి పోలేదు. పొమ్మని ఎవరూ అన్లేదు, ఉండమని కూడా ఎవరూ అన్లేదు. ముత్తురాక్కు పొయ్యి మీద ఇంకో గిద్దెడు బియ్యం ఎక్కువ వేసింది, అంతే.

తెల్లారేసరికి సేతుపాండి ముత్తురాక్కు ఇంటికి ఎదురుగా ఇసకలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. తాగలేదు. తల దువ్వుకుని, ఉతికిన లుంగీ కట్టుకుని వచ్చాడు. అరవలేదు కూడా. అరిచినా బాగుండేది, ఏం చెయ్యాలో తెలిసేది.

నన్ను పిలిపించారు. లోపల నంబీశ్వరి గోడకి ఆనుకుని ఉంది.

"చెప్పండి, పోనా?"

"పోయావంటే కాళ్లు విరగ్గొడతా" అంది లూర్దు. అని, "అయ్యో, నేనూ అదేనా!" అని నోరు నొక్కుకుంది. మేమంతా నవ్వాం. నవ్వినందుకు సిగ్గుపడ్డాం.

నేను చట్టం చెప్పాను. సెక్షన్ల నంబర్లతో సహా చెప్పాను. నంబీశ్వరి తలూపి, ముత్తురాక్కు వైపు తిరిగింది.

"అత్తా, నువ్వు చెప్పు."

"నన్నడగొద్దే."

"నిన్నే అడగతా ఉండా."

ముత్తురాక్కు రవిక చేతులు భుజాల దాకా పైకి లాగి తన చేతులు నా ముందు చాపింది.

"టీచరమ్మా, ఇది ఏ రాయో చెప్పండి."

మోచేతి పైన పొడుగాటి పాత మచ్చ. "ఆల్చిప్పా?" అన్నాను.

"తలుపు గడియ. మా ఆయన." ఇంకోటి చూపించింది. "ఇదీ ఆయనే. ఇరవై రెండేళ్లు, ఆయన సముద్రంలో పోయేదాకా. పడవలో అడిగినోళ్లందరికీ రాయనే చెప్పినా." మూడో మచ్చ మీద బొటనవేలు ఆనించింది. కళ్లు చికిలించింది. వేలు అటూ ఇటూ జరిపింది. "ఇది... ఇది రాయో, ఆయనో... రాయి రాయని చెప్పీ చెప్పీ, ఇప్పుడు నాకే తెలీటంలే."

ఆమె అంత తికమకగా ఎవరి వైపూ చూడకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూళ్లేదు.

"నీవి చూసినప్పుడు తెలిసిందేమోనే నాకు. తెలిసే తిట్టి పంపానేమో. తెలీదు. పోవాలో ఉండాలో నాకు చెప్పడం రాదు. నేనెప్పుడూ బయటికి రాలేదు కదా."

నంబీశ్వరి లేచింది. గుమ్మం దాకా పోయింది, దాటలేదు.

"యాళిని పుస్తకాల సంచి, నా నీలం చొక్కా తెచ్చి ఇక్కడ పెట్టి పో."

సేతుపాండి లేచి నిలబడ్డాడు. "ఎప్పుడొస్తావు?"

"తెలీదు."

"తెలీకపోవడమేంది?"

"తెలీదంతే."

అతను మా మొహాలన్నీ ఒక్కొక్కటే చూశాడు, ఎవరో ఒకరికి తెలిసే ఉంటుందన్నట్టు. మాకు మాత్రం ఏం తెలుసు? వెళ్లిపోయాడు. తెస్తాడని లూర్దు, తేడని నేను. అరగంటలో తెచ్చాడు. గుమ్మం బయట పెట్టి పోయాడు.

పుస్తకాల మధ్య చిన్న కాగితం పొట్లం ఉంది. తాటిబెల్లం మిఠాయి. నంబీశ్వరికి అదంటే ప్రాణమట. పెళ్లయిన కొత్తలో వారానికోసారి తెచ్చేవాడట.

"పారెయ్" అంది లూర్దు.

నంబీశ్వరి పొట్లాన్ని చేతిలో పెట్టుకుని అలాగే నిలబడింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ దించింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, అతని వెనకాల పరిగెడుతుందేమో అని కూడా అనుకున్నాను. యాళినిని పిలిచి పొట్లం చేతిలో పెట్టింది. తను ఒక్క ముక్క కూడా తినలేదు.

తర్వాత నీలం చొక్కా దులిపింది. కోత మళ్లీ మొదలవడానికి నలభై నాలుగు రోజులుంది. గోడకి మేకు వెతికి, ముత్తురాక్కు చొక్కాని కాస్త పక్కకి జరిపి, తనది తగిలించింది.