నాసిక్‌లో దర్శనం

నాందేడ్ స్టేషన్ వెయిటింగ్ రూంలో పక్క సీటాయన, నేను అడగకుండానే, వైన్ ఎలా చప్పరించాలో నేర్పాడు. మిత్రులతో రెండు రోజులు నాసిక్ ద్రాక్షతోటలు చూస్తాడట. మరి పక్కనున్న భార్య?

"ఇంట్ల యాత్ర అని చెప్పిన. జంటగ పోకుంటె అమ్మ నమ్మదు. ఈమె లాడ్జిల ఉంటది. ఆడోళ్లకేం ఎరుక గీ రుచులు?"

ఆ మేధస్సుకు గౌరవంగా పేపరు అడ్డం పెట్టుకున్నాను.

ఫోన్ మోగింది. "త్ర్యంబకేశ్వరమే పోతున్నమమ్మా," అన్నాడు భక్తిగా. తల్లి నమ్మలేదు, కోడలికిమ్మంది.

ఆమె ఫోన్ అందుకుని అరచేత్తో మూసింది. "తోటలకు నేను గూడ అస్త. ఏమంటరు?"

రుచుల పండితుడు గబగబా తలూపాడు.

"అవునత్తమ్మా, దర్శనానికే. ఎక్కడికైనా ఇద్దరం కలిసే పోతం."

ఇప్పటికీ ఎవరైనా నాకు వైన్ గురించి చెప్పబోతే, ముందు వాళ్లావిడ ఎక్కడుందో చూస్తాను.