నేను కోయని కట్టు

2018 వేసవి. ప్రొద్దుటూరులో ఒక చిన్న నర్సింగ్ హోంలో నర్సుగా ఉన్నాను. పొద్దున పదింటికి పులివెందుల వైపు నుంచి ఓబులేసు అనే చీనీ (బత్తాయి) తోట రైతు భార్యతో బస్సు దిగి, తన కాళ్ల మీదే లోపలికి నడిచొచ్చాడు. ముందురోజు బోరులోంచి మోటారు తీస్తుంటే ఇనుప పైపు జారి రొమ్ముకు తగిలిందట. చుక్క రక్తం లేదు. పక్కటెముక విరిగిందనుకుని ఊళ్లో ఎముకలకు కట్లు కట్టే నాటువైద్యుడితో కట్టు వేయించారు. గుడ్డుసొన, మినప్పిండి పట్టించి, చంకల నుంచి బొడ్డుదాకా గుడ్డలు బిగించారు.

రొమ్ముకు గట్టి దెబ్బ తగిలితే పైకేమీ కనిపించకుండానే గుండె కమిలి, లయ తప్పవచ్చు. ఈసీజీ, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేస్తేగానీ తెలియదు. రక్తం ల్యాబ్‌కు పంపాను. ఈసీజీకి పది తీగలు: కాళ్లకూ చేతులకూ నాలుగు, రొమ్ముకు ఆరు. రొమ్మంతా కట్టు కింద ఉండటంతో నాలుగే పెట్టి తీశాను. గుండె కొట్టుకోవడం వేగంగా ఉంది, అంతే.

డాక్టరుగారు ఆపరేషన్‌కు వెళ్తూ కాగితం చూశారు. “చెస్ట్ లీడ్స్ ఏవమ్మా? కట్టు కోసేసి తియ్. తేడా ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి పంపుదాం.”

కత్తెర తీయగానే ఓబులేసు భార్య నా చెయ్యి పట్టుకుంది. “మూడు దినాలు ఇప్పొద్దన్నాడు సిస్టరమ్మా. ఎముక అతకదంట. నీ కాళ్లు మొక్కుతా, కొయ్యాకు.”

ఓబులేసు నవ్వాడు. “ఉండనీ సిస్టరు. గుండె రోంత దడదడ అంటాంది, అంతే. బిరీన పంపీ, ఆడ చెట్లు ఎండిపోతాండాయి.”

మా నాయన విరిగిన చెయ్యి అలాంటి కట్టుతోనే అతికింది. ఆ నమ్మకం నాకూ ఉండేది, అదే కొంప ముంచింది. డాక్టరుగారు బయటికొచ్చాక చూద్దాంలే అన్నాను.

అరగంటకు మంచినీళ్ల కోసం లేచి కూర్చున్నవాడు అలాగే పక్కకు ఒరిగిపోయాడు. నాడి లేదు. అప్పుడు కోశాను కట్టు. నిమిషం పట్టలేదు. రొమ్ము నొక్కాం, షాక్ ఇచ్చాం, డాక్టరుగారు పరుగెత్తుకొచ్చి చేయాల్సినదంతా చేశారు. మనిషి దక్కలేదు. చివరికి పోయాడని నిర్ధారించడానికి పది తీగలూ పెట్టి ఈసీజీ తీశాను. అన్నీ తిన్నని గీతలే. అతనికి నేను తీసిన పూర్తి ఈసీజీ అదొక్కటే. ట్రోపోనిన్ బాగా ఎక్కువుందని ఆ తర్వాత ల్యాబ్ నుంచి ఫోనొచ్చింది.

ఆమె తెగిన గుడ్డలు ఒళ్లో పెట్టుకుని నావైపు చూసింది. “నేను తెలీనిదాన్ని. నువ్వు సదువుకున్నదానివి. నా మాట యాల వింటివి సిస్టరమ్మా?”

ముందే తెలిసినా దక్కేవాడో లేదో చెప్పలేమని డాక్టరుగారు ఓదార్చారు. నాకది ఎక్కలేదు. ఇప్పుడు ఎవరు ఏడ్చినా, తిట్టినా ముందు కట్టు కోస్తాను. ఈ మాత్రం బుద్ధి నాకు రావడానికి ఒక మనిషి పోవాల్సి వచ్చింది. దీన్ని అనుభవం అని చెప్పుకోవడానికి నాకు నోరు రాదు.