రాజవ్వ వంటింటి మూల

2023 ఫిబ్రవరి 6, సోమవారం. కోరుట్లలో మా టైల్స్, బండల దుకాణం మొదలై అప్పటికి ముప్పై ఒక్క ఏళ్లు. మొదట్లో మా ఆయన చూసుకునేవారు. ఆయన పోయాక నేను కూర్చుంటున్నాను. టైల్స్ అమ్మి ఊరుకోవడం నాకు చేతకాదు. చిన్న వంటిళ్లయితే నేనే వెళ్లి కొలుస్తాను, ఎస్టిమేట్ రాస్తాను, మేస్త్రి సత్తయ్యను పెట్టి పని చేయిస్తాను. పెద్ద ఇళ్లకు ఇంజనీర్లు ఉంటారు. ఏడడుగుల వంటింటికి ఎవరూ రారు.

ఆ రోజు కొలిచినది సరిగ్గా అలాంటిదే. ఏడడుగులు పొడవు, ఆరడుగులు వెడల్పు. ఇంట్లో రెండే గదులు. ముందు గదికి రేకులు, వెనక వంటింటికి పెంకులు. ఇంటావిడ పేరు రాజవ్వ, వయసు యాభై ఆరు. పద్దెనిమిదో ఏట నుంచి బీడీలు చేస్తోంది. భర్త రాజేశం సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పని చేస్తాడు. వారానికొకసారి ఇంటికి వస్తాడు. చిట్టీ ఎత్తగా యాభై వేలు చేతికి వచ్చాయి. అంతకు ఒక్క రూపాయి మించకూడదన్నాడు.

వంటిల్లు నలభై ఏళ్ల కిందటిది. నల్లబడిన గోడలు, అరిగిన షాబాదు బండలు, కూర్చుని వండుకునే గద్దె. ఉత్తరం గోడకు నడుము ఎత్తు దాకా తేమ. గోడకు అవతల స్నానాల గోలెం ఉంది. గోలెం పక్క మూలలో గోడ చేత్తో తాకితే చల్లగా, మెత్తగా ఉంది. సున్నం పొట్టు రాలుతోంది.

"గీ తేమ పోవాలె పెద్దమ్మా. సుట్టాలొస్తే లోపలికి పిలుద్దామంటె సిగ్గయితది" అన్నాడు రాజేశం.

రాజవ్వ గడప దగ్గర నిలబడి ఉంది. "గా మూల జర అట్లనే ఉండనియ్యరాదు?" అంది.

"గా మూల నుంచే నీళ్లు గోడెక్కుతున్నయి. దాన్ని ఇడిస్తె ఏడాదిల టైల్స్ ఊడి చేతికస్తయి" అన్నాను.

"పాత సోకు పోదు దీనికి" అని రాజేశం నవ్వాడు. "మంచి వంటిల్లయినంక ఇగ బీడీలు గూడ బందు పెట్టు."

రాజవ్వ అతని వైపు ఒకసారి చూసి, "సరె తియ్యిండ్రి, మీకెర్క" అని లోపలికి పోయింది. నేను పుస్తకంలో 'మూల వదలమన్నారు, వీలు కాదు' అని రాసుకుని తర్వాతి గోడ కొలిచాను.

తక్కువ డబ్బుతో వంటిల్లు బాగుచేయడంలో నాకొక పద్ధతి ఉంది. కంటికి కనిపించేచోట తగ్గిస్తాను, కనిపించని చోట తగ్గించను. గోడలకు సెకండ్స్, అంటే రంగులో కాస్త తేడా వచ్చి ధర తగ్గిన టైల్స్ తీసుకున్నాను. నేలకూ గోడకూ కలిపి 9,450 అయ్యాయి. పాత షాబాదు బండల్లో పగలనివి ఏరి అరలకు వాడాను. వాటర్‌ప్రూఫింగ్, అంటే గోడ చెక్కి నీరు దిగకుండా మందు పూయడం, దానికి మాత్రం 4,600 పెట్టాను. పొగ, ఆవిరి పోవడానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వైరింగ్‌తో 2,900. ప్లాట్‌ఫాం ఎత్తు ఎవరి ఇంట్లోనూ పుస్తకం చూసి పెట్టను. వండే మనిషిని నిలబెట్టి, మోచేతికి నాలుగు అంగుళాలు కిందకు కొలుస్తాను. రాజవ్వ పొట్టి మనిషి. ఆమెకు ముప్పై అంగుళాలు వచ్చింది. ఫిబ్రవరి 20న పని మొదలై మార్చి 4న ముగిసింది. కూలీతో కలిపి మొత్తం 48,640. 1,360 మిగిలాయని రాజేశానికి చెప్పాను. అతను చాలా సంతోషించాడు. నేనూ ఆ పేజీ కింద గీత గీశాను.

ఏప్రిల్ 11న రాజవ్వ దుకాణానికి వచ్చింది. కొంగులోంచి గుప్పెడు తునికాకులు తీసి బల్ల మీద పోసింది. కత్తిరించిన ఆకులు అంచుల్లో చిట్లిపోయి ఉన్నాయి.

"పెద్దమ్మా, నీ వంటింట్ల ఆకు బతుకుతలేదు."

"నా వంటిల్లు కాదు రాజవ్వా, నీ వంటిల్లు."

"నాదయితే గిట్లెందుకు ఎండుతది?"

కూర్చోబెట్టి అడిగాను. అప్పుడు చెప్పింది. బీడీ ఆకును సాయంత్రం తడిపి గోనెసంచిలో చుట్టి పెట్టాలి. తెల్లారి కత్తిరించి, మధ్యాహ్నం దాకా అది మెత్తగా ఉండాలి. ఎండితే చుట్టేటప్పుడు చిట్లుతుంది. మరీ తడిస్తే నల్లమచ్చలు పడతాయి, బీడీ మధ్యలో ఆరిపోతుంది. ముందు గది రేకుల కింద ఏప్రిల్‌లో కొలిమి. ఇంట్లో ఆకుకు చోటు ఒక్కటే, ఆ మూల. తంబాకు ముందు గదిలోనే ఉండేది, ఆకు కట్ట మాత్రం పొయ్యికి ఎదురుగా ఆ గోడకు ఆనించి ఉండేది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ గోడే ఎంత తేమ కావాలో అంత ఇచ్చింది. ఇప్పుడు ఆ గోడకు మందు పూసి, టైల్స్ అంటించి, మిగిలిన కాస్త చల్లదనాన్ని ఫ్యాన్ పెట్టి నేనే బయటికి పంపించాను.

"మల్ల తడిపి సూడలేదా?"

"గంటగంటకు నీళ్లు సల్లుతున్న. పైన ఎండుతది, నడుమ కుళ్లుతది. రోజుకు వెయ్యి చేసెదాన్ని, ఆరు వందలు గూడ అయితలెవ్వు. అయినయాట్ల సగం కట్టలు కార్ఖాన మున్షీ పక్కకు పారేస్తుండు. ఇంకొక్క వారం సూస్త, గిట్లనే ఉంటె నీ కార్డు మీది ఆకు వేరేటోళ్లకు ఇస్త అన్నడు."

కార్డు అంటే కార్ఖానాలో ఆమె పేరున ఉన్న పని. దాని మీదే పీఎఫ్, దాని మీదే పింఛను. "ఇంక రెండేండ్లు పెద్దమ్మా. రెండేండ్లు కార్డు నిలబడితె యాభై ఎనిమిదికి పింఛను కాయితాలు పెట్టుకుంట. గిప్పుడు పోతె ముప్పై ఎనిమిదేండ్లు చేసింది నీళ్లపాలు."

"ఆ రోజే చెప్పకపోయినవా?"

"మా ఆయన ముంగట ఆకు ముచ్చట తీస్తె బీడీలే బందు పెట్టుమంటడు. నువ్వన్న అడుగుతవనుకున్న."

పుస్తకం తీశాను. 'మూల వదలమన్నారు, వీలు కాదు.' ఎందుకు వదలమన్నారో రాయలేదు. అడగలేదు కాబట్టి రాయలేదు.

మర్నాడే సత్తయ్యను తీసుకుని వెళ్లాను. ప్లాట్‌ఫాం కింద, పాత మూలలోనే, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గుర్తు గీశాను. అక్కడి టైల్స్ తీసి, మందు పొర గీకి, ఇటుక కనిపించేలా చేయమన్నాను. సత్తయ్య సుత్తి పట్టుకుని నా వైపు చూశాడు.

"అమ్మా, మొన్న పైసలిచ్చి పూయిపిచ్చినవు. ఇయ్యాల పైసలిచ్చి గీకిపిస్తున్నవు. నాకు రెండు దిక్కుల కూలే."

"రెండో కూలి నా పైసలకెళ్లి. ముందు కొట్టు."

అసలు చిక్కు కూల్చడంలో లేదు. అక్కడ తేమకు దారి ఇస్తే పక్క టైల్స్ వెనకకు ఎక్కుతుంది. అందుకని ఆ చోటు చుట్టూ గోడలో గాడి కొట్టించి డీపీసీ వేయించాను. డీపీసీ అంటే తేమను అక్కడితో ఆపే అడ్డు పొర. మందు కలిపిన సిమెంటు, దాని మీద పలుచని కడప బండ ముక్కలు. లోపల నేలకు టైల్ లేదు, మూడంగుళాల ఇసుక పోశాము. పొద్దున ఒక చెంబు నీళ్లు చాలు. ఫ్యాన్ గాలి లాగకుండా బిగుతైన చెక్క తలుపు. రెండు రోజుల పని, 1,850 అయ్యింది. ఆ ఖర్చు నేను పెట్టుకున్నాను. తప్పు నా కొలతలో ఉంది.

మొదటి రెండు రోజులు అదీ కుదరలేదు. ఇసుకకు తగిలిన కింది ఆకులు నల్లబడ్డాయి. నేను చెక్క పట్టీలు కొట్టిద్దామని ఆలోచిస్తుండగానే రాజవ్వ తన పాత చాట ఒకటి బోర్లించి, దాని మీద ఆకు కట్ట పెట్టింది. వెదురు సందుల్లోంచి తేమ వస్తుంది, నీరు తగలదు. నాకు తోచనిది ఆమెకు నిమిషంలో తోచింది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ ఆకును చూస్తున్నది ఆమె కదా.

ఆ వారాంతం రాజేశం ఇంటికొచ్చి తలుపు తీసి చూసి, "మల్ల తేమ పెట్టిపిచ్చుకున్నవా?" అన్నాడట.

"నీ సాంచకు నూనె ఎయ్యకుంటె నడుస్తదా? నా ఆకుకు గిది గట్లనే" అన్నదట రాజవ్వ. అతను తలుపు మళ్లీ బిగుతుగా మూశాడట.

ఏప్రిల్ 19న ఫోన్ చేసింది. "ఇయ్యాల వెయ్యికి వెయ్యి, పెద్దమ్మా. మున్షీ ఒక్క కట్ట గూడ పక్కకు పెట్టలే. ఆకు మారిందా అని అడిగిండు. ఇల్లు మారింది అన్న." రెండేళ్ల తర్వాత పింఛను కాయితాలు పెట్టుకున్న రోజు కూడా ఫోన్ చేసింది. ఆ కబురు కూడా అదే పేజీలో, తేదీ వేసి రాసుకున్నాను.

మా పనిలో తేమ కనిపిస్తే తీసేయడం, చీకటి కనిపిస్తే కిటికీ పెట్టడం అలవాటు. పాతది కనిపిస్తే అది చెడ్డదే అనుకుంటాం. చిన్న ఇంట్లో వంటిల్లు వంటకు మాత్రమే ఉండదు. ఇల్లు ఎంత చిన్నదైతే ఆ గది అంత ఎక్కువ పనులు చేస్తుంది. అప్పటి నుంచి టేపు తీయడానికి ముందు ఇంటావిడను ఒక్కదాన్నే పక్కకు పిలిచి, "ఈ అర్రల వంట గాక ఇంకేం చేస్తవు?" అని అడుగుతున్నాను. జవాబు రాసుకున్నాకే కొలతలు.

మల్లాపూర్‌లో ఒకామె పసుపు ఆరబోసుకుంటానన్నది. ముస్తాబాద్‌లో ఒకామె పొదిగే కోడి గంప కింద ఉంటుందన్నది. వాళ్లిద్దరి పని తేలికగానే అయ్యింది. జగిత్యాలలో ఒక కోడలు తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "మా అమ్మతోని ఫోన్ల మాట్లాడుత" అన్నది. ఆమెకు స్విచ్ బోర్డు పక్కన, తలుపులోంచి చూస్తే కనపడని చోట, కూర్చునే ఎత్తులో అడుగున్నర బండ వేయించాను. ఎస్టిమేట్ చదివేది వాళ్ల అత్త. అందులో ఆ బండను 'బియ్యం డబ్బా పెట్టుకునేందుకు' అని రాశాను. ఇన్నేళ్ల నా ఎస్టిమేట్లలో నిజం కాని మాట అదొక్కటే.