నేను తీసేసిన పేరా

ఎనభైల నడుమ నేను బహ్రెయిన్‌లో ఒక ఆస్పత్రిలో నర్సును. ఊళ్ళో మా తమ్ముడు ఒక చిన్న కాలేజీలో తాత్కాలిక లెక్చరరు. కంప్యూటరుకు ఆలోచించడం నేర్పుతానని పట్టుబట్టి కూర్చున్నాడు. పాము కరిచిన మనిషిని ఏమేం అడగాలో, ఏ జవాబుకు ఏం చెయ్యాలో అది చెప్పాలి. డాక్టరు లేని పల్లెలో కాంపౌండరుకు పనికి రావాలి. రెప్పలు వాలితే ఏమిటి, మింగుడు పడకపోతే ఏమిటి అని నేను ఉత్తరాల్లో రాసి పంపేదాన్ని. వాడి పిచ్చి నాకూ అంటుకుంది.

ఇలాంటి పరిశోధనలకు ఢిల్లీలోని కేంద్ర ప్రభుత్వం డబ్బిస్తుందని పేపర్లో పడింది. అది రాకపోతే ఆ వేసవితో కాలేజీ వాణ్ణి పంపించేస్తుంది. గడువు దగ్గర పడింది. చేత్తో రాసిన దరఖాస్తు, సంతకం చేసిన ఆఖరి కాగితం మా ఊరినుంచి వచ్చే ఒకామెతో పంపాడు. వైద్యం మాటలు సరిచూసి, మా వార్డు టైపు మిషను మీద కొట్టి, నేరుగా ఢిల్లీకి పోస్టు చెయ్యమన్నాడు.

అందులో ఒక పేరా ఉంది. పక్క ఊరి చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటరు ఉందని, ఆదివారాలు దాని మీద పని చేసుకోనిస్తున్నారని, సగం పని అయిందని. ఆ పేరా నేను తీసేశాను.

బహ్రెయిన్‌లో మా తెలుగు క్రైస్తవుల సహవాసంలో శుక్రవారం ఆరాధన అయ్యాక, సాయం కావలసినవాళ్ళు చీటీ రాసి పెద్దలకు ఇచ్చేవారు. ఏమీ లేనివాళ్ళకే ముందు. కాస్త ఉన్నట్టు కనబడితే ఆగమనేవారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గదా, అడగడమంటే లేదని చెప్పుకోవడమేనని నాకు అక్కడ అలవాటైపోయింది. మా కాలేజీలో కంప్యూటరు లేదు, ఎక్కడా దిక్కు లేదు, మీరే దయ చూపాలి అని ఆ పేరా చోట కొట్టాను. చదివి నేనే కళ్ళు తుడుచుకున్నాను. ఏం తెలివో నాది.

మూడు నెలలకు జవాబొచ్చిందని తమ్ముడు ఉత్తరం రాశాడు. కంప్యూటరు అందుబాటులో లేనివారికి ఇవ్వలేమన్నారు. ఇచ్చిందెవరికయ్యా అంటే, అప్పటికే మూడు కంప్యూటర్లున్న మహానగరపు సంస్థకి. కంప్యూటరు లేదు కనక డబ్బు లేదు, డబ్బు లేదు కనక కంప్యూటరు రాదు. ఇదేం న్యాయమో నాకు ఈనాటికీ అర్థం కాదు. అది జనం డబ్బు. పాములు కరిచేది మహానగరంలోనా? ఆ కోపమంతా ఢిల్లీ మీదే పెట్టుకుని బతికేద్దామనుకున్నాను. కుదరలేదు. చివరికి కాలేజీకి ఫోన్ చేశాను.

"ఫ్యాక్టరీ సంగతి రాశాం గదక్కా. వాళ్ళు చూళ్ళేదా?" అన్నాడు వాడు.

అబద్ధం నోటిదాకా వచ్చింది.

"నేనే తీసేశాన్రా. ఏమీ లేదంటే ఇస్తారనుకున్నా."

తిడితే బాగుండునని దేవుణ్ణి వేడుకున్నాను. వాడు తిట్టలేదు.

"మీ ఆస్పత్రి స్టోర్లో పనేదన్నా ఉంటే చూడక్కా. పాస్‌పోర్టుకి పెట్టుకుంటా."

స్టోర్లో ఖాళీ ఉందని నాకు అప్పటికే తెలుసు. ఆ మాట చెప్పకుండా, కనుక్కుంటాలేరా అని ఫోన్ పెట్టేశాను.